సిరప్ పోసి పంపిన సోమవారం

ఇలా వచ్చి కూర్చో గ్రేసీ. ఆ ఫోను బోర్లా పెట్టు. ఒడిలో కాదు, అదిగో, ఆ బల్ల మీద. నోట్సులో కొత్త పేజీ తియ్యి. సరిగ్గా విను, చెప్పింది చెప్పినట్టు రాయి. మీ తెలుగు టీచరు నేర్పిన పెద్ద పెద్ద మాటలేం కలపకు. ఈ ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే టైముకి నేను లేచి ఇది చదవాలి. చదవడం ఎందుకు, నోటితో చెప్పొచ్చు కదా అంటావేమో. నోటితో చెప్తే మధ్యలో తీపి కలిపేస్తాను. నా సంగతి నాకు తెలీదూ? అందుకే కాగితం.

మొట్టమొదట ఇది రాయి. జోయెల్‌ని జ్వరంతో డే కేర్‌కి పంపింది వాళ్ళమ్మ సునీత కాదు. వాళ్ళ నాయనమ్మ కరుణమ్మ. రాశావా? దాని కింద గీత గియ్యి.

కళ్ళు అంతంత చేస్తావేంటి? మీ తమ్ముడికి వచ్చిన జ్వరం గురించి ఊరంతా మీ అమ్మని అంది, నువ్వూ విన్నావు. నిజం నాకూ మీ అమ్మకీ తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు. మీ నాన్న గుడ్లవల్లేరు బస్సెక్కి ఉద్యోగానికి వెళ్తాడు, బస్సు దిగి ఇంటికొస్తాడు. ఇంట్లో పైకప్పు లేచిపోయినా ఆయనకి మర్నాడు తెలుస్తుంది.

ఇప్పుడు నా గొప్ప రాయి, అది కూడా ఉండాలి. ముప్ఫై ఏళ్ళు నాగాయలంక దగ్గర అంగన్‌వాడీ టీచరుగా చేశాను. పొద్దున్నే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు. ఒళ్ళు వెచ్చగా ఉంటే గుమ్మంలోనే ఆపేసేదాన్ని. "కాలిపోతున్న పిల్లని తీసుకొచ్చి నలుగురి మధ్యలో పడుకోబెడతావా? బుద్ధుందా అసలు?" అని అరిచేదాన్ని. వాళ్ళు ఊడుపులకి వెళ్ళాల్సిన మనుషులు. ఆ రోజు కూలి పోగొట్టుకుని, తలొంచుకుని వెనక్కి వెళ్ళేవాళ్ళు. ఒక్కసారైనా నా మీద నోరెత్తలేదు. నేను మాత్రం ఫ్యాను కింద కూర్చుని, ఏ ఊడుపుకీ వెళ్ళక్కర్లేకుండా, ఏం చేశానో చూడు.

డే కేర్ సంగతి రాయి. బందరులో మన వీధికి రెండు వీధుల అవతల, మన సంఘం మనిషే, ఎస్తేరు గారు నడుపుతుంది. ముందు గది, వెనక గది, పదకొండు మంది పిల్లలు. గేటుకి ప్లాస్టిక్ తొడిగిన కాగితం ఒకటి కట్టారు, జ్వరం, దగ్గు ఉన్న పిల్లల్ని తీసుకురావద్దని. ఆ కాగితం కిందే నిలబడి రోజూ అబద్ధాలు చెప్పుకుంటారు తల్లులు. ముక్కు కారుతుంటే "ఎలర్జీ అండీ". ఒళ్ళు వెచ్చగా ఉంటే "పళ్ళొస్తున్నాయండీ". మూడేళ్ళ వాడికి పళ్ళొస్తున్నాయంట! గొంతు నుంచి కుక్క అరుపులాంటి దగ్గొస్తుంటే "రాత్రి ఏసీ పడలేదు ఆంటీ". ఎస్తేరు గారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది. ఆ చెయ్యి అప్పుడే పాల ప్యాకెట్లు కడిగొచ్చిన చెయ్యి, దానికి అందరి నుదుళ్ళూ ఒకేలా ఉంటాయి. అవునా కాదా? నవ్వకు, రాయి.

ఇంట్లో నేనున్నాను కదా, అసలు డే కేర్ ఎందుకు అంటే, నా మోకాళ్ళ నొప్పులంట. అలా చెప్పింది నేనే. చర్చి స్త్రీల సమాజం మీటింగులకి పెడన దాకా, బంటుమిల్లి దాకా ఆటోల్లో తిరిగొచ్చిన మోకాళ్ళే ఇవి.

గురువారం సాయంత్రం జోయెల్‌కి జ్వరం వచ్చింది. శుక్రవారం అంతా సోఫాలో ఒక మూలకి ముడుచుకుని, బొమ్మల వీడియో పెట్టినా చూడలేదు. వాడు వీడియో చూడలేదంటే అప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సింది. శనివారం సాయంత్రం మనింట్లో ప్రార్థన పెట్టించాను. పాస్టరుగారు వచ్చారు, నూనె రాసి, చక్కగా, నెమ్మదిగా ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ ఆయనే అన్నారు, "అమ్మా, రేపటికి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, ఆలస్యం చెయ్యకండి" అని. అది ఎవరు విన్నారు? మీ అమ్మ వింది. నేను టీ కప్పులు లెక్కపెట్టుకుంటున్నాను.

ఆదివారం పొద్దున వాడి ఒళ్ళు మంచులా ఉంది. లేచి బిస్కెట్ అడిగాడు. నేను పట్టుచీర కట్టేశాను. ఆరాధనలో సాక్ష్యాలు అనగానే పాస్టరుగారు పూర్తిగా అనకముందే లేచాను. మూడు రోజులు కాలిపోయిన బిడ్డని ప్రభువు ఒక్క రాత్రిలో ముట్టి బాగుచేశాడని, మైకు పట్టుకుని, గొంతు వణికించి మరీ చెప్పాను. హల్లెలూయా అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఎస్తేరు గారు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఎంత బాగుందనుకున్నావు ఆ నిమిషం నాకు! ఆ మైకు వదలబుద్ధి కాలేదు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర మీ అమ్మ మెల్లిగా అంది, "అత్తయ్యగారూ, తెల్లారుజామున మళ్ళీ వచ్చిందండీ జ్వరం. సిరప్ పోశాను. అందుకే చల్లబడి ఉంటుంది."

"ఆ ముక్క ఇప్పుడా చెప్పేది?" అన్నాను.

"మీరు చీర కట్టుకుంటున్నప్పుడు చెప్పానండీ. ఊఁ అన్నారు."

అని ఉంటాను. ఒక మాట రాయి, దీన్ని జాగ్రత్తగా రాయి. దేవుడు చెయ్యలేదని నేను అనట్లేదు. ఆయన పని ఆయన చేస్తూనే ఉన్నాడు, మీ అమ్మ చేతా, డాక్టరు చేతా చేయిస్తున్నాడు. ఆ పని ఇంకా సగంలో ఉండగానే నేను లేచి, అయిపోయిందని చాటింపు వేసేశాను. ఆయనకి లేని తొందర నాకెందుకు?

సోమవారం. ఇదే అసలు రోజు. ఏడింటికి జోయెల్ ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది. మీ అమ్మ పాఠాలు చెప్పే స్కూలు బస్సు ఏడుంబావుకి. నువ్వు జడేసుకుంటున్నావు. మీ అమ్మ వాడి మెడ కింద చెయ్యి పెట్టి చూసి, "అత్తయ్యగారూ, ఇవాళ సెలవు పెట్టేస్తానండీ. వీణ్ని డాక్టరుకి చూపిస్తాను" అంది.

"పరీక్షల టైములో సెలవంటే మీ హెడ్మిస్ట్రెస్ ఊరుకుంటుందా? నువ్వెళ్ళు. నేను ఇంట్లో ఉంచుకుంటాను."

"కచ్చితంగా ఉంచుకుంటారా? డే కేర్‌కి మాత్రం వద్దండీ."

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చూసినదాన్ని, నాకు చెప్తావా?" అన్నాను. మీ అమ్మ వెళ్ళిపోయింది.

తను వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. ఆలోచన అనకూడదు దాన్ని. నిన్న అంతమందిలో స్వస్థత అని చెప్పాను. ఇవాళ వాడు డే కేర్‌కి వెళ్ళకపోతే ఎస్తేరు గారు ఫోన్ చేస్తుంది. మళ్ళీ జ్వరం అంటే? మధ్యాహ్నానికల్లా స్త్రీల సమాజం మొత్తానికి తెలుస్తుంది. కరుణమ్మ సాక్ష్యం ఒక్క పూట కూడా నిలవలేదని పకోడీలు తింటూ చెప్పుకుంటారు. ఎందుకు చెప్పుకుంటారో నాకు తెలుసు, వేరేవాళ్ళ గురించి నేనూ అలాగే చెప్పుకున్నాను కాబట్టి.

సిరప్ పోశాను. వాడు వద్దన్నాడు. ముక్కు మూసి పోశాను. గడియారం చూస్తూ ముప్పావుగంట కూర్చున్నాను. చెమట పట్టాక మొహం కడిగి, పౌడరు రాసి, ఆటో ఎక్కించాను. రాసుకో, పౌడరు కూడా. అంత తెలివి ఉపయోగించాను.

గేటు దగ్గర ఎస్తేరు గారు వాడి నుదురు పట్టుకుని, "చల్లగా ఉన్నాడు చూడండి వదినా! స్తోత్రం!" అంది. నేనూ స్తోత్రం అన్నాను. ఆ గేటు దగ్గరే నాగలక్ష్మి తన పిల్ల చిన్నిని దించుతోంది. నాగలక్ష్మి తెలుసుగా, గిలకలదిండి అమ్మాయి. మొగుడు బోటు మీద సముద్రానికి వెళ్తాడు, అత్తగారు చేపలమ్ముతుంది, తను కోనేరు సెంటర్లో బట్టల షాపులో సేల్స్. చిన్నికి పది నెలలు. జోయెల్ ఆ పిల్లని చూడగానే వెళ్ళి బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టాడు. మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను.

పన్నెండింటికి ఎస్తేరు గారు ఫోన్. "వదినా, బాబు పడుకుని లేవట్లేదు, ఒళ్ళు కాలుతోంది." సిరప్ అయిపోయింది కదా మరి. దాని పని ఆ కాసేపే. జ్వరాన్ని దాచడం దానికి వచ్చు, తీసెయ్యడం రాదు. ఇది నాకు ఇవాళ తెలిసిన విషయమా? నాగాయలంకలో ఎంతమంది తల్లులకి చెప్పి ఉంటాను!

సాయంత్రం మీ అమ్మకి తెలిసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. వాణ్ని భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయింది. మందు రాశారు. మంగళవారం దగ్గు ఎక్కువైంది. బుధవారం పొద్దున వాడు ఊపిరి పీలుస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నాడు. అది చూసి ఆటో కోసం వీధి చివరిదాకా పరిగెత్తాను. మోకాళ్ళ నొప్పి అని ఇన్నాళ్ళూ చెప్పింది నొప్పే కాదు గ్రేసీ.

దగ్గు ఊపిరితిత్తులకి దిగిందని పిల్లల ఆసుపత్రిలో చేర్పించారు. నీకు చూపించలేదు కానీ వాడి మొహానికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించేవాళ్ళు. వాడు అది పీకేస్తూ "నాన్నమ్మా తీసెయ్, తీసెయ్" అని నన్నే పిలిచేవాడు. ఆ రెండు చిన్న చేతులూ పట్టుకుని కదలకుండా ఉంచడం నా పని. మీ నాన్న ఏం చేశాడో తెలుసా? ఫోన్లో ఆ జబ్బు గురించి చదివి, చదివింది పైకి వినిపించేవాడు. మీ అమ్మ ఒకసారి ఫోన్ లాక్కుని సంచిలో వేసింది.

ఆ హాలు గురించి రాయి, కుర్చీలు వేసిన హాలు. ఒక్కో పిల్లాడికి ఐదుగురు పెద్దలు. ఒకాయన "నాకేం లేదు, మామూలు పడిశం" అంటూ దగ్గుతూ చంటిపిల్లల మధ్యలో తిరిగాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళందరూ బ్రెడ్డు ప్యాకెట్లే. మూడేళ్ళ వాడు ఊపిరి తీసుకోలేక ఏడుస్తుంటే నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు. వచ్చిన ప్రతి ఒక్కరూ తమకి తెలిసిన చచ్చిపోయిన పిల్లాడి కథ ఒకటి చెప్పి వెళ్ళేవాళ్ళు. ఓదార్పంట. మనిషన్నది నాకు అక్కడ ఒక్కతే కనపడింది. ఊడ్చే ఆవిడ. చీపురు గోడకి ఆనించి, "నిద్ర లేదుగా అమ్మగారూ, ఇక్కడ వాలండి, బాబుని నేను చూస్తా" అని తన స్టూలు ఇచ్చింది. పేరు కూడా అడగలేదు నేను.

శుక్రవారానికి జోయెల్ తేరుకున్నాడు. శనివారం మధ్యాహ్నం తలుపు తోసుకుని నాగలక్ష్మి వచ్చింది, చేతుల్లో చిన్ని. ఆ పిల్ల ఏడవట్లేదు. ఏడవడానికి కూడా ఊపిరి లేదు. లోపలికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టారు. నాగలక్ష్మి హాల్లో నిలబడి, చీర కొంగుకి పిల్ల కక్కిన పాలు అలాగే ఉండగా, "పాలు తాగట్లేదండీ నిన్నటి నుంచి" అని ఎవరితోనూ కాకుండా చెప్తూనే ఉంది.

జోయెల్ దగ్గర నుంచే అంటిందా అని మీ అమ్మ డాక్టరుని అడిగింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేమమ్మా అన్నాడాయన. చెప్పక్కర్లేదు. ఆ ముద్దు నేను కళ్ళారా చూశాను.

ఆ సాయంత్రమే డే కేర్ తల్లుల గ్రూపులో మొదలైంది. ఎవరో జ్వరం పిల్లాణ్ని పంపారంట, ఎవరంట, ఎవరంట. ఎస్తేరు గారు జోయెల్ పేరు పెట్టింది. దించింది నేనైనా, జ్వరం దాచి పంపింది తల్లే అనుకున్నారు. ఇక చూడు. "టీచరమ్మ అయ్యుండి ఎలా పంపిందండీ", "ఉద్యోగం ముఖ్యం కొందరికి", "పిల్లలంటే లెక్కలేదు". ప్రతి మాట వెనకా దండం పెట్టే బొమ్మ. ఎలర్జీ అని, పళ్ళని రోజూ అబద్ధాలు చెప్పి దించేసి వెళ్ళే తల్లులే వీళ్ళందరూ. వాళ్ళని చూస్తే అసహ్యం వేసింది. వాళ్ళకంటే నా మీద ఎక్కువ వెయ్యాలి కదా, వెయ్యలేదు అప్పటికి.

మీ అమ్మ నా పక్కనే కూర్చుని టైపు చేసింది. "తప్పు నాదేనండీ. నేను చూసుకోవాల్సింది. అందరూ క్షమించండి." చూపించింది నాకు.

"నా పేరు రాయలేదేం?" అన్నాను.

"రాస్తే మీరు చర్చికి ఎలా వెళ్తారండీ?" అంది. అంతే. మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

నాకెలా అనిపించిందో తెలుసా? హాయిగా అనిపించింది.

ఆదివారం ఆరాధన అవగానే స్త్రీల సమాజం వాళ్ళు ఆరుగురు ఆసుపత్రికి వచ్చారు. బ్రెడ్డుతోనే. హాల్లో నా చుట్టూ కూర్చుని ఒకావిడ అంది, "మీరు ప్రార్థన చేసి బాగుచేయించుకుంటే, మీ కోడలు చేజేతులా మళ్ళీ తెచ్చిపెట్టింది వదినా. ఉద్యోగాల పిచ్చి ఈ కాలం వాళ్ళకి." అందరూ నా మొహం చూశారు. నేను తల ఊపాను గ్రేసీ. అవునన్నట్టు ఊపాను. తల ఎత్తేసరికి మీ అమ్మ నాకు కాఫీ ప్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికొచ్చి, ప్లాస్కు నా పక్కన పెట్టి, "వేడిగా ఉంది, జాగ్రత్తండీ" అని వెళ్ళిపోయింది.

రాశావా? ఏడుస్తావేంటి? కాగితం తడిసిపోతే నేను చదవలేను. ముక్కు తుడుచుకో.

వాళ్ళు వెళ్ళాక నాగలక్ష్మి నా పక్కకొచ్చి కూర్చుంది. వాళ్ళ అత్తగారు చేపల బుట్ట ఖాళీ చేసుకుని, ఇడ్లీలు కట్టించి తెచ్చిందంట. పొట్లం విప్పి రెండు నా చేతిలో పెట్టింది. "తినండి పిన్నిగారూ, పొద్దుట్నుంచి మీరేం తినలేదు, చూస్తున్నా." నా మనవడి వల్ల లోపల తన పిల్ల ఆక్సిజన్ మీద ఉంది, నాకు ఇడ్లీలు పెడుతోంది. నోట్లోకి వెళ్తే కదా! చెప్పేశాను. సిరప్, పౌడరు, సాక్ష్యం, అన్నీ.

తిట్టలేదు. పొట్లం మడిచి, లేచి, హాలు అవతలి చివర కుర్చీలో కూర్చుంది. సాయంత్రం దాకా ఇటు తిరగలేదు. సాయంత్రం వచ్చి, "మీ ప్లాస్కు ఇస్తారా, వేణ్ణీళ్ళు కావాలి" అని తీసుకెళ్ళింది.

మంగళవారం జోయెల్‌ని ఇంటికి పంపేశారు. నేను మాత్రం పూటపూటకీ వెళ్ళాను, నాగలక్ష్మికి అన్నం తీసుకుని. ఒకపూట తినేది, ఒకపూట గిన్నె మూత కూడా తియ్యకుండా తిరిగిచ్చేది. బుధవారం చిన్ని పాలు తాగింది. సగం డబ్బా. ఆ సగం డబ్బా పట్టుకుని నాగలక్ష్మి నర్సులందరికీ చూపించింది, నాకు కూడా చూపించింది, మర్చిపోయి. నిన్న గురువారం చిన్నిని ఇంటికి పంపేస్తుంటే నాగలక్ష్మి కాళ్ళ మీద పడబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు పిన్నిగారూ ఈ క్షమాపణలు. నా పిల్ల నాకు దక్కింది. ఆ గ్రూపులో మీ కోడల్ని అందరూ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా అన్నాను. దానికేం చేస్తారో అది చూసుకోండి" అంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

అందుకే ఈ కాగితం. చివర్లో తల్లులకి నాలుగు ముక్కలు రాయి, నాయనమ్మలకి కూడా. పిల్లాడి ఒళ్ళు సిరప్ లేకుండా, మళ్ళీ చెప్తున్నాను, సిరప్ లేకుండా, ఒక పగలూ ఒక రాత్రీ చల్లగా ఉంటేనే గడప దాటించండి. వాడు తినాలి, ఆడాలి, మీ మీద పోట్లాడాలి. వాంతులో విరేచనాలో అవుతుంటే ఇంట్లోనే. ఊపిరికి డొక్కలు ఎగరేస్తే ఇల్లూ వద్దు, డే కేరూ వద్దు, ఎవరి మాటా వినకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. సెలవు దొరకని తల్లులు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళని గ్రూపులో తిట్టే నోళ్ళు ఒక పూట ఆ పిల్లని చూసుకుంటామని అనొచ్చు కదా? ఒక్కరూ అనలేదు. వచ్చే వారం నుంచి నేను అంటాను, నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఇక మీ అమ్మ సంగతి. నాగలక్ష్మికి నిజం చెప్పేశాను, ఎల్లుండి చర్చిలో అందరి ముందూ చదువుతాను. మీ అమ్మకి మాత్రం ఇవాళ్టికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ప్లాస్కు పెట్టి వెళ్ళిన రోజు నుంచీ రోజూ అదే మర్యాద, అదే అండీ. రోజుకి నాలుగుసార్లు నోటిదాకా వస్తుంది, ఉప్పు సరిపోలేదమ్మా అని ఊరుకుంటాను. రాయి ముందు. సునీతా, నిన్ను...

"అత్తయ్యగారూ, అన్నం వడ్డించేశాను, రండి! గ్రేసీ, నాయనమ్మని తీసుకురా!"

వస్తున్నానమ్మా. కొట్టెయ్యకు, ఆ వాక్యం అలాగే ఉండనీ. పట్టు, నన్ను లేపు. నోట్సు కూడా తీసుకురా. ఆదివారం దాకా ఎందుకు, ముందు అన్నం దగ్గరే చదువుతాను. నువ్వు నా పక్కనే కూర్చో, నేను ఎక్కడైనా మాట మార్చి చదివితే వెంటనే నా చెయ్యి

"చల్లారిపోతుందండీ!"

వస్తున్నా, వస్తున్నా. నా చెయ్యి పట్టుకుని ఆపు గ్రేసీ.